ఈరమ్మక్కకు వినబడిన పిలుపు

దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. ఎమ్మిగనూరులో నేత ఇంట్లో పుట్టాను. మా మగ్గం ఆగిపోయాక ఆదోనిలో పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లులో చేరాను. అక్కడ భయపడాల్సినవి కళ్ళెదుటే తిరుగుతుంటాయి. కనబడనివాటికి భయపడే తీరిక మాకు లేదు.

నా పక్క మిషను ఈరమ్మక్కది. కోసిగి మనిషి. ఇద్దరం మిషన్లకు పత్తి అందించేవాళ్ళం. ఆ మోతలో పన్నెండేళ్ళు నిలబడి ఆమెకు రెండు చెవులూ పోయాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో చూసి, నరం దెబ్బతింది, వినికిడి ఇక రాదన్నారు. ఏం చెప్పాలన్నా భుజం తట్టి, పెదాలు కదిపి చూపించాలి.

ఆ వారం ఆమె మిషను బెల్టుకుండే రేకు మూతను రిపేరుకని ఊడదీశారు. మళ్ళీ బిగించలేదు. బెల్టు అంచు పీచులు లేచి, తిరిగినప్పుడల్లా కొట్టుకుంటోంది. సూపర్‌వైజరుకు రెండుసార్లు చెప్పాను.

"సీజన్లో మిషను ఆపుతారా యాడన్నా? దూరంగా నిలబడి సేసుకోండి," అన్నాడు.

దూరంగా నిలబడితే చెయ్యి అందదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మర్నాడు పొద్దున పదకొండు గంటలప్పుడు ఈరమ్మక్క చేతిలో పత్తి కింద పడేసి తలుపు వైపు నడిచింది. తిడతారని నేను వెనకే పరిగెత్తి భుజం పట్టుకున్నాను.

"ఎవురో పిలుస్తాండారు లక్ష్మీ. ఈరీ, ఈరీ అని," అంది.

ఆమె ముఖంలో భయం లేదు. ఎవరికో బదులు పలకబోతున్నట్టుంది.

అంతలో వెనక పెద్ద చప్పుడు. బెల్టు తెగింది. ఆమె రోజూ నిలబడే చోట, దాని దెబ్బకు పత్తి పోసే ఇనుప తొట్టి అంచు రెండుగా వంగిపోయింది.

బయటికెళ్ళి చూశాను. ఎవరూ లేరు. పొద్దున మేం వచ్చాక మళ్ళీ గేటే తీయలేదన్నాడు వాచ్‌మన్. మిల్లులో ఆమెను ఈరీ అని పిలిచేవాళ్ళూ లేరు.

"అట్ల పిలిసేది మాయమ్మ ఒక్కతే. సచ్చిపోయి శానా దినాలాయ. కానీ ఆ గొంతు మాయమ్మది గాదు," అంది.

సూపర్‌వైజరు చెమటలు కక్కుతూ వచ్చాడు. దేవుడే పిలిచాడు, గండం గడిచింది, కొబ్బరికాయ కొట్టండి అన్నాడు. ఆ మాట పెదాలతో ఆమెకు చెప్పాను.

"దేవుడే ఈడికొచ్చి పిలవల్లనాప్పా? నాలుగు బోల్టులు బిగిస్తే సాలదా?" అని గట్టిగా అరిచింది.

ఆ రోజు మేమెవరమూ మిషన్ల దగ్గరికి పోలేదు. సాయంత్రానికి అన్నిటికీ మూతలు బిగించారు.

ఆ తర్వాత ఆమె వెనక నిలబడి పళ్ళెం నేలకేసి కొట్టి చూశాను. తిరగలేదు. డాక్టరూ పాత మాటే చెప్పాడు. బెల్టు తెగేముందు వచ్చిన నేల అదురు కాళ్ళకు తెలిసి ఉంటుందని మా తమ్ముడు అంటాడు. అదురు పేరు పెట్టి పిలుస్తుందా?

నాకిప్పటికీ అంతుబట్టలేదు. పనిలో ఉండగా మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాను. చెవులు బాగున్నదాన్ని నేను. ఆ రోజు నాకేమీ వినబడలేదు.