గడ్డకట్టిన ఇరవై నాలుగు టీకాలు

మా క్లబ్‌హౌస్‌లో పనిచేసిన భూలక్ష్మిని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ "పిల్లల టీకాలు పాడుచేసిన మనిషి" అనే అంటారు. ఆ మాట రాసినవాళ్ళూ, దాని కింద బొటనవేళ్ళు ఎత్తినవాళ్ళూ అందరూ చదువుకున్నవాళ్ళే. రోజూ మియాపూర్‌లో మెట్రో ఎక్కి, రాయదుర్గంలో దిగి, అద్దాల మేడల్లో కూర్చుని ఊళ్ళేలేవాళ్ళే. నేనూ వాళ్ళలో ఒకదాన్ని. తలుచుకుంటే రోత పుడుతోంది కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

భూలక్ష్మి ఇక్కడి మనిషే. మా టవర్ల వెనక గోడకి అవతల మిగిలిన పాత పల్లెలో పుట్టింది, అక్కడే ఉంటోంది. ముప్పై ఆరేళ్ళుంటాయి. మా దగ్గర చేరకముందు మూసాపేటలో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గర ఎనిమిదేళ్ళు ఆయాగా చేసింది. టీకాలు దాచే ఫ్రిజ్ ఆమె చేతి కింద ఉండేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫ్రిజ్ మీద అంకె చూసి నోటుబుక్కులో వేయాలి. రెండు డిగ్రీలకి తగ్గినా, ఎనిమిది దాటినా డాక్టరమ్మకి ఫోన్ చేయాలి. చదివింది ఐదో తరగతి. ఎనిమిదేళ్ళలో ఒక్క పూట కూడా తప్పలేదని గర్వంగా చెప్పేది. డాక్టరమ్మ పెద్దదైపోయి క్లినిక్ మూసేశాక మా క్లబ్‌హౌస్ ఊడ్చే పనికి వచ్చింది.

మా అమ్మాయి రసజ్ఞని డాన్స్ క్లాసుకి దింపి నేను బయట కూర్చునే ఆ గంటలో ఆమె, నేను మాట్లాడుకునేవాళ్ళం. ఆమె కొడుకు హేమంత్‌కి ఆరేళ్ళు. ఉబ్బసం. పోయిన వానాకాలం ఫ్లూ వచ్చి నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఈసారి వానలు పడకముందే ఫ్లూ టీకా వేయించి తీరాలని డాక్టర్ చీటీ రాశాడు. ఆ చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆమె రెండు నెలలు తిరిగింది. బస్తీ దవాఖానలో ఆ టీకా ఇవ్వరన్నారు. ప్రైవేటులో స్టాక్ లేదన్నారు. స్టాక్ ఎవరికీ లేదు నిజమే. నేనే మూసాపేట నుంచి మా గల్లీ దాకా కాళ్ళరిగేలా తిరిగాను. అడిగిన ప్రతిచోటా "నెక్స్ట్ వీక్ మేడమ్" అనే పాటే. కాకపోతే మా రసజ్ఞకి ఏ జబ్బూ లేదు. స్కూలు వాళ్ళు సర్టిఫికెట్ అడిగారు, అందుకే నా పరుగు.

అప్పుడు మా అసోసియేషన్ సెక్రటరీ సోమేశ్వరరావుగారు రంగంలోకి దిగారు. ఏదో శాఖలో ఇంజనీరుగా రిటైరైన మనిషి. ఎవరి చేతో చెప్పించి ఇరవై నాలుగు టీకాలు సంపాదించారు. అన్నీ ముందే మందు నింపి ఉన్న సిరంజిలు. ఆదివారం పదింటికి నర్సు వచ్చి క్లబ్‌హౌస్‌లో వేస్తుంది. ఫారం పెడితే ఫ్లాట్ల వాళ్ళ పేర్లు ఇరవై రెండు వచ్చాయి. మిగిలిన రెండింటిలో ఒకటి భూలక్ష్మి కొడుక్కి ఇస్తానని ఆయనే అన్నారు. ఆ రోజు ఆమె మొహం చూడాలి. నా చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు.

పెట్టె శనివారం మధ్యాహ్నం వచ్చింది. క్లబ్‌హౌస్ ఫ్రిజ్ నిండా ఎవరి పుట్టినరోజువో కూల్‌డ్రింకులు. వాటిని తీయడం ఎందుకని, పక్కనే ఉన్న ఐస్‌క్రీం ఫ్రీజర్లో సోమేశ్వరరావుగారు స్వహస్తాలతో పెట్టెను పెట్టారు. ఎంత చల్లగా ఉంటే మందు అంత భద్రం అని ఆయన లెక్క. సాయంత్రం ఊడవడానికి వచ్చిన భూలక్ష్మి చూసి, ఆయన ఇంటికి పరిగెత్తి చెప్పింది. ముప్పై ఏళ్ళు సర్వీసు చేసినవాణ్ణి, నాకు చెప్పొచ్చావా అని ఆయన తలుపేసుకున్నారట.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి భూలక్ష్మి వచ్చి నా ఫ్లాట్ బెల్లు కొట్టింది. గుమ్మం బయటే నిలబడింది.

"మేడం, టీకాల డబ్బా ఫ్రీజర్ల వెట్టిన్రు. అన్నీ గడ్డ కట్టినయ్. ఇగ అవి పన్జెయ్యయ్. మీ పాపకు ఏపియ్యకుండ్రి."

మరి హేమంత్‌కో అని అడిగాను. వాడికి దక్కిందనుకున్నది కూడా ఉత్తదే కదా అంది. కళ్ళు నిండాయి గానీ ఏడవలేదు. నోరు మూసుకుని ఉంటే అడిగేవాళ్ళు లేరు. అయినా ముందు నా కూతురి కోసం వచ్చింది. ఇది నేను మర్చిపోకూడదు.

మా పిల్లల డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఫ్లూ టీకా ఒక్కసారి గడ్డకడితే మళ్ళీ కరిగినా పనికిరాదు, పారేయండి అన్నాడు. అదే గ్రూపులో పెట్టాను. పది నిమిషాలు తిరక్కుండా ఇరవై ఒక్క ఫ్లాట్లు పేర్లు తీసేసుకున్నాయి. నాదీ తీసేశాను. హమ్మయ్య, కథ అంతటితో ముగిసిందనుకుని రసజ్ఞకి దోసె వేశాను.

పదకొండింటికి కిందికి దిగితే క్లబ్‌హౌస్‌లో పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. మా పిల్లలు కారు. సెక్యూరిటీ వాళ్ళ పిల్లలు, తోటపని వాళ్ళ పిల్లలు, ఇళ్ళల్లో వంట చేసేవాళ్ళ పిల్లలు, పదకొండు మంది. ఒక్కొక్కరి చేతిలో ఒక బిస్కెట్ పాకెట్. వెనక "స్టాఫ్ పిల్లలకు ఉచిత టీకా శిబిరం" అని అప్పటికప్పుడు ప్రింటు తీసి అతికించిన కాగితం. ఫోటో తీయడానికి ఇద్దరు కమిటీ వాళ్ళు రెడీ.

"అంకుల్, ఇది బాగుండదేమో" అన్నాను. ఏమో! నా నోట్లోంచి వచ్చిన గొప్ప ధర్మపన్నం అదీ.

ఆయన నవ్వి అందరికీ వినపడేలా చెప్పారు. "నష్టమేముందమ్మా? పనిచేస్తే చేసినట్టు, లేకపోతే నీళ్ళతో సమానం. పారేసేబదులు మన స్టాఫ్‌కి ఉపయోగపడతాయి. భూలక్ష్మీ, ముందు మీవాణ్ణి తీసుకురా. నీకిచ్చిన మాట నేను తప్పను."

ఆదివారమని తల్లితో వచ్చిన హేమంత్ అక్కడే ఉన్నాడు, మిగతా పిల్లల్ని చూసి వాడూ చొక్కా చెయ్యి పైకి మడిచి. భూలక్ష్మి వాణ్ణి తన వెనక్కి జరిపింది. గొంతు పెంచలేదు.

"గట్లయితే ముందుగాల మీ మనుమరాలికి ఏపియ్యుండ్రి సార్. గామె తర్వాత మా పోరనికి ఏపిస్త."

ఆయన మొహం మాడిపోయింది. క్రమశిక్షణ అనీ, మేలు చేయబోతే ఇలాగే ఉంటుందనీ ఏదో మొదలుపెట్టారు. ఆమె వినలేదు. వరసలో ఉన్న తల్లుల వైపు తిరిగి, ఇది గడ్డకట్టిన మందు, వేయించుకున్నామన్న ధీమాతో వానల్లో పిల్లల్ని పట్టించుకోకపోతే ప్రాణం మీదికొస్తుంది అని చెప్పింది. నర్సు ప్రశాంతికి ఫ్రీజర్ సంగతి ఎవరూ చెప్పలేదట. విని, ట్రేని మెల్లగా భూలక్ష్మి వైపు జరిపింది. భూలక్ష్మి ఒక్కో సిరంజి మూత తీసి, వాష్‌బేసిన్‌లోకి అప్పటికి కరిగిన మందంతా నొక్కేసి, సూదుల డబ్బాలో పడేసింది. ఇరవై నాలుగూ. ఒక్కరూ దగ్గరకి రాలేదు. ఫోన్లు మాత్రం లేచాయి.

మధ్యాహ్నానికి వీడియో గ్రూపులో తిరుగుతోంది. భూలక్ష్మి సిరంజి నొక్కుతున్న దగ్గరనుంచే మొదలవుతుంది అది. సాయంత్రానికి ఫ్రీజర్లో పెట్టింది కూడా ఆమేనని ఎవరో రాశారు. సోమేశ్వరరావుగారు కాదనలేదు. ఆ రోజే ఆమె ఐడీ కార్డు గుంజుకుని గేటు బయటికి పంపేశారు. ఛీ, వీళ్ళ బతుకులూ వీళ్ళ మర్యాదలూ! గేటు దగ్గర ముగ్గు మీద కాలు పడితే క్షమాపణ చెప్పుకునే మనుషులు, ఒక మనిషిని ఇంత సులువుగా తుడిచేశారు.

మరి నేనో? పెట్టె పెట్టింది ఎవరో, ఆమె నా గుమ్మం దగ్గరకొచ్చి ఏం చెప్పిందో మొత్తం టైప్ చేశాను. అప్పుడే కొత్త మెసేజి వచ్చింది. సప్లయర్ ఇంకో పన్నెండు టీకాలు ఇస్తానన్నాడు, లిస్టు సెక్రటరీగారు చూస్తారు అని. నేను టైప్ చేసిందంతా చెరిపేసి, "థాంక్యూ అంకుల్, రసజ్ఞ పేరు రాయండి" అని పంపాను.

తర్వాతి రెండు వారాల్లో భూలక్ష్మి నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. ఎక్కడైనా టీకా దొరుకుతోందా మేడం అని. పని సంగతి ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. తెలిస్తే చెబుతానన్నాను.

పన్నెండూ ఈసారి ఫ్రిజ్‌లో పద్ధతిగా ఉన్నాయి. బయట తొలకరి మొదలైంది. లిస్టులో మా పేరు పదకొండోది. పన్నెండో పేరువాళ్ళు పిల్లాడికి వేరేచోట దొరికిందని రాలేదు. ట్రేలో రెండు మిగిలాయి. ప్రశాంతి రసజ్ఞకి వేసి, దూది అద్ది, నా వైపు చూసింది.

"ఇంకొకటి ఉన్నది మేడం. గా భూలక్ష్మక్క కొడుక్కి పడ్డదా? ఆమె నంబర్ ఉన్నదా మీ తాన?"

సోమేశ్వరరావుగారు పక్క కుర్చీలోనే ఉన్నారు. తలెత్తి నన్ను చూశారు. మొదటిసారి వేయించుకునే చిన్నపిల్లలకి రెండు డోసులట, వచ్చే నెల రసజ్ఞకి రెండోది పడాలి, ఆ లిస్టు కూడా ఆయన చేతిలోనే ఉంది. ఫోన్ నా చేతిలోనే ఉంది.

"లేదు" అన్నాను.