వసారా గోడ మీద నూట పదకొండున్నర

కర్నూలులో మా సైన్సు అయ్యవారు పోయారని కార్డు వచ్చేటప్పటికి నేను కడప బడిలో లెక్కల పాఠం చెబుతున్నాను. సుద్దముక్క బల్ల మీద పెట్టి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. ఆయన మంచితనం అందరికీ తెలిసిందే. నేను ఆయన పేరు మింగినవాడి గురించి కూడా రాస్తాను.

ఆరేళ్ళు ఆయన పక్క బల్ల దగ్గర పని చేశాను. పగలు పిల్లలకు ఆవిరి యంత్రం పాఠం చెప్పే మనిషి, సాయంత్రమైతే ఎక్కడా లేని విమానానికి ఇంజను లెక్కలు వేసేవారు. అందులో తిరిగే రెక్కలుండవు. విమానం వేగానికి గాలే లోపలికి దూసుకొచ్చి నలుగుతుంది. ఆ గాలిలో చమురు మండితే మంట వెనక్కి తన్ని విమానాన్ని ముందుకు తోస్తుంది. వేగం మరీ పెరిగితే ఒక చిక్కుంది. లోపలి గాలిని నెమ్మది చేయబోతే, అది ముందే విపరీతంగా వేడెక్కిపోతుంది, ఇక చమురు మండించినా లాభం ఉండదు. "గాలిని నిలబెట్టి వండొద్దప్పా, పోతాండంగానే వండాల" అనేవారు. సుడిగాలిలో పొయ్యి రాజేసినట్టే ఉందని నేను ఎగతాళి చేస్తే లాగరిథం పుస్తకం నా ముందుకు తోసేవారు. పది సెకన్లకో వరుస చొప్పున ఎత్తు, వేగం, గాలి, మంట తోసే బలం అన్నీ వేసుకుంటూ ఆ విమానాన్ని కాగితం మీద ఎగరేశాం. వేయించిన చెనిక్కాయల పొట్టు అరచేతిలో ఊదుకుంటూ నా లెక్క చూసేవారు. తప్పు కనబడితే ఊదడం ఆగిపోయేది. నాకు ఓపిక నేర్పింది ఆ అరచెయ్యే.

ఆయనకొక పట్టు ఉండేది. తాను కొలవని గాలితో ఏ లెక్కా మొదలుపెట్టరు. పద్ధతి నిలబడుతుందో లేదో ముందు మన ఊరి గాలితో తేలాలి, పైగాలి సంగతి ఆ తర్వాత. అందుకోసం వసారాలో థర్మామీటరు వేలాడదీశారు. మధ్యాహ్నం ఆయన బడిలో ఉంటారు కాబట్టి ఆయన భార్య చూసి, అంకె బొగ్గుతో గోడ మీద రాసేది. ఆమెను నేను అక్కా అనేవాణ్ణి. రాయడం పెళ్ళయ్యాక ఆయనే నేర్పారు. ఆ గోడకు సున్నం వేయనిచ్చేవారు కాదు. ఒక మే నెలలో అక్క నూట పదకొండున్నర అని రాసింది, ఫారన్‌హీటు డిగ్రీల్లో. మొదటి నోటుబుక్కులో విమానం మొత్తం ఆ ఎండలోనే ఎగిరింది. రెండో నోటుబుక్కులో ఇరవై మైళ్ళ ఎత్తున ఉండే గడ్డకట్టే చలి వేసి, లెక్కంతా మళ్ళీ చేశాం.

మొదటి నోటుబుక్కును మా బడుల ఇన్‌స్పెక్టరు అచ్చు వేయిస్తానని తీసుకుపోయాడు. ఏడాది తిరక్కుండా మద్రాసు పత్రికలో అచ్చయింది, తన పేరుతో. నేను అర్జీ రాస్తానని లేచాను. అయ్యవారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఆయన బదిలీ ఆ ఇన్‌స్పెక్టరు చేతిలో ఉంది. రెండో పుస్తకం ఉందని ఇన్‌స్పెక్టరుకు చెప్పలేదా అని అడిగాను.

"ఆయప్ప అడగలేదు" అన్నారు. కాసేపు పొట్టు ఊదుకుని, "నేనుండంగా ఏమీ అనొద్దు. పొయ్యినాక నీ ఇష్టం" అన్నారు.

పదో నాడు పరామర్శకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తెల్ల కోటు, చంకలో ఆ పత్రిక. వసారాలో బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తన పరిశోధనలో కూడికలకూ తీసివేతలకూ అయ్యవారు సాయపడేవారని అక్కడున్న పంతుళ్ళకు చెప్పుకున్నాడు. నా ఒళ్ళు మండింది. విమానం ఎంత ఎత్తున ఎగురుతుందండీ అని వినయంగా అడిగాను. ఇరవై మైళ్ళన్నాడు. అక్కడ గాలి వేడి ఎంత పెట్టారో చదవమన్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని, పత్రిక తెరిచి, నూట పదకొండున్నర అని గట్టిగా చదివాడు. శ్రీశైలం కొండెక్కితేనే చల్లబడుతుందని పిల్లలకు చెప్పే భూగోళం పంతులు తల దించుకున్నాడు.

గడప లోపలి నుంచి అక్క గొంతు వినబడింది.

"సారూ, రోంత ఎనక్కి తిరిగి సూడండి. అది మా వసారా ఎండ. నేను రాసిండేదే."

ఆయన లేచి తిరిగాడు. తల ఆనించిన చోటుకు జానెడు పైన ఆ అంకె ఉంది. అక్క బొగ్గుముక్క తీసుకుని బయటికి వచ్చింది. భర్త పేరు ఏనాడూ నోటితో పలకని మనిషి ఆమె. ఓటర్ల జాబితా రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడు కూడా పక్కింటావిడతో చెప్పించింది. ఆ అంకె కింద అయ్యవారి పేరు ఒక్కో అక్షరం దిద్ది రాసింది.

ఇన్‌స్పెక్టరు పత్రిక చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. గోడకు ఆనుకున్నందుకు ఆయన తెల్ల కోటు వీపు నిండా మా ఎండల బొగ్గు అంటుకుంది. బజారు మధ్య నుంచి అట్లాగే నడిచిపోయాడు. ఎవరమూ చెప్పలేదు. ఆయన అడగలేదు.