మేం అద్దని చెయ్యి

నేను విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. దయ్యాలు, ఆత్మలు అని పిల్లలు మొదలుపెడితే ప్రాక్టికల్స్‌లో మార్కులు కోస్తానని బెదిరించే రకం. ఇప్పటికీ ఆ అభిప్రాయం మార్చుకోలేదు. కానీ మా పుట్టింట్లో జరిగిన ఒక సంగతికి నా దగ్గర సమాధానం లేదు. ఇంకొకరు దానికి మసాలా వేసి చెప్పకముందే, జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

మా పుట్టిల్లు పెడన. నాన్నది కలంకారీ అద్దకం పని. చెక్క అచ్చులతో బట్ట మీద పూలూ లతలూ అద్దుతాడు. నేను చదువుకుని బయటపడ్డాను. మా ఆయనకు ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ దుకాణం. తమ్ముడు రఫీ మాత్రం నాన్న దగ్గరే ఉండిపోయాడు. వేరే దారి లేక కాదు, ఆ పనంటే వాడికి ప్రాణం.

రంగు గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. మా పనిలో ఎరుపును ఎరుపుగా అద్దరు. ముందు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు. దాని మీద పటిక కలిపిన జిగురు అద్దుతారు. పటికకు రంగు ఉండదు కాబట్టి, అచ్చు ఎక్కడ పడిందో కనపడటానికి కడిగితే పోయే రంగు కాస్త కలుపుతారు. తర్వాత కాలువలో జాడించి, పెద్ద రాగి బానలో వేర్ల రంగుతో ఉడికిస్తారు. పటిక పడ్డ చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగతాది ఎండకు పోతుంది.

నెదర్లాండ్స్‌లో ఒక మ్యూజియం ఉంది. ఒకప్పుడు వాళ్ళ ఓడలు బందరు నుంచి పట్టుకెళ్ళిన బట్టల్లో ఒకటి అక్కడ మిగిలింది. అందులోని నలుపు ఇనుముతో చేసింది. ఆ ఇనుమే ఇప్పుడు బట్టను తినేస్తోంది. వెలుతురులో పెట్టడానికి లేదు. అలాంటిదే పాత పద్ధతిలో మన వాళ్ళ చేత మళ్ళీ చేయించి, దాన్ని జనానికి చూపించాలని వాళ్ళ ఆలోచన. బదులుగా తమ దగ్గరున్న పాత నమూనాల ఫొటోలన్నీ మన అద్దకం వాళ్ళకు ఇస్తామన్నారు. మన సరుకు మనకే ఫొటోల్లో చూపిస్తున్నారని నాన్న ఎగతాళి చేశాడు గానీ, మా వైపు ఎప్పుడో చెక్కడం మానేసిన అచ్చులు వాటిలో కనపడేసరికి కళ్ళజోడు తెచ్చుకుని కూర్చున్నాడు.

ఆ మ్యూజియంలో పాత బట్టలు బాగుచేసే ఆవిడ పేరు అన్నెకె. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆవిడకీ మా వాళ్ళకీ మధ్య నేను దుబాసీని. రఫీకి మాత్రం నా అవసరం పడేది కాదు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడకు వాట్సాప్‌లో ఫొటోలు పంపి, అచ్చు అంచులు కలిశాయా లేదా అని గంటలు గంటలు తేల్చుకునేవాడు. అసలు బట్టను చూడటానికి రమ్మని ఆవిడ వాడిని పిలిచింది. వాడు పాస్‌పోర్టు కూడా తీయించుకున్నాడు.

ఆ వేసవిలోనే పోయాడు. బందరు నుంచి బైకు మీద వస్తూ, రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన ట్రాక్టరును గుద్దుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు.

నేను ఏడవలేదు. వచ్చినవాళ్ళకు టీలు ఇచ్చాను, కుర్చీలు తెప్పించాను, మూడో నాటి ఫాతిహా అయ్యాక కాలేజీకి వెళ్ళి పాఠం చెప్పాను. లోపల మొద్దుబారిపోయింది. దంతవైద్యుడు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో అలా. అమ్మ కూడా ఏడవలేదు. నన్ను చూసి అమ్మ, అమ్మను చూసి నేను ఊరుకున్నాం అనుకుంటాను.

రఫీ నలుపు గీతలు మాత్రం అద్ది వదిలిన బట్టను నాన్న మడిచి బీరువాలో పెట్టేశాడు. ఒకరు మొదలుపెట్టిన దానిలో ఇంకొకరి చెయ్యి పడితే తెలిసిపోతుందని ఆయన వాదన. కొత్త తాను తెచ్చి మొదటి నుంచి మొదలుపెట్టారు. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ తాను కొన్నది రఫీ పోయిన తర్వాత. వాడు దాన్ని ముట్టుకోలేదు, కంటితో చూడను కూడా లేదు. అద్దింది మా పెదనాన్న కొడుకు జానీ. నాన్న పక్కన కూర్చుని చెబుతూ ఉండేవాడు.

బట్ట ఉడికించే రోజుకు అన్నెకె వచ్చింది. నేను గన్నవరం ఎయిర్‌పోర్టుకు వెళ్ళి ఎక్కించుకుని, గుడివాడ మీదుగా పెడన తీసుకొచ్చాను. దారి పొడుగునా ఆవిడ రఫీ గురించి ఏమీ అడగలేదు. అడగనందుకు నాకు హాయిగా అనిపించింది.

కాలువలో జాడించే ముందు ఆవిడ బట్టను అంగుళం అంగుళం ఫొటో తీసింది. అది ఆవిడ ఉద్యోగం. ఆ ఫొటోలు నా ఫోన్లో కూడా ఉన్నాయి. కింది అంచు పక్కన ఏమీ అద్దకుండా వదిలిన జాగా ఉంది. ఫొటోలో అది ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం జానీ కర్రలతో బట్టను పైకి తీసి, నీళ్ళలో ఆడించి, ఎండలో పరిచాడు. పూలన్నీ ఎర్రగా లేచాయి. కింద ఆ ఖాళీ జాగాలో ఒక చెయ్యి ఉంది. ఎడమచెయ్యి, వేళ్ళు కొంచెం విడిగా, అరచేతి గీతలతో సహా. చిటికెన వేలు సగమే ఉంది.

ఎవరం ఏమీ అనకముందే నాన్న అలవాటుగా అనేశాడు.

"చెయ్యి ఆనించొద్దని ఎన్నిసార్లు చెప్పానురా నీకు."

రఫీకి ఆ జబ్బు ఉండేది. అచ్చు వేసే ముందు ఎడమచెయ్యి బట్ట మీద పరిచి ఆనించేవాడు. చెమట మరక పడుతుందని నాన్న రోజుకోసారి తిట్టేవాడు. చిన్నప్పుడు అచ్చు చెక్కే ఉలి పడి వాడి ఎడమ చిటికెన వేలు పై సగం పోయింది.

అన్న మాట నాన్నకు తర్వాత చెవిన పడినట్టుంది. అక్కడి నుంచి లేచి బావి దగ్గరకు వెళ్ళి, అక్కర్లేకపోయినా నీళ్ళు తోడటం మొదలుపెట్టాడు. అమ్మ మాత్రం బట్ట పక్కన కూర్చుంది. తడి ఆరేదాకా లేవలేదు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. జానీ పొరపాటున చెయ్యి పెట్టి ఉండొచ్చు. వాడి చెయ్యి బట్ట మీద ఉంచి చూశాను, ఇంకా పెద్దది. చిటికెన వేలు మడిచి పెట్టించినా కుదరలేదు. అక్కడ పనిచేసే అందరి చేతులూ చూశాను. ఎవరైనా తమాషా చేశారా అంటే, పటిక జిగురులో రంగు ఉంటుంది కాబట్టి ముందే కనపడాలి. రంగు లేని పటిక నీళ్ళు ముట్టుకుని చెయ్యి పెడితే? ఒక పేలిక మీద నా చెయ్యే పెట్టి ఉడికించాను. ఎరుపు వచ్చింది, కానీ అంచులు పాకి ముద్దగా వచ్చింది. ఒక్క గీత కూడా తేలలేదు. నేను అడగకుండానే జానీ ఖురాన్ మీద ప్రమాణం చేశాడు. వాడి ముఖం చూస్తే నాకే సిగ్గేసింది.

రెండో రోజుకే ఊళ్ళో పాకింది. మా వైపు పీర్ల పండక్కి చెయ్యి ఆకారంలో ఉండే పీర్లను హిందువులూ ముస్లిములూ కలిసే ఎత్తుకుంటారు. అలాంటిది బట్ట మీద ఎర్రటి చెయ్యి లేచిందంటే ఇంక ఆగుతారా. మొదట పక్కవీధి ఆవిడ బెల్లం, అగరొత్తులు పట్టుకొచ్చింది. తర్వాత మల్లెపూలు. తర్వాత జ్వరం తగ్గని పసిబిడ్డను తెచ్చి, ఒక్కసారి బట్ట తగిలిస్తామన్నారు. అమ్మ కాదనలేకపోయింది. ఆ బిడ్డ తల్లి వెళుతూ వెళుతూ బట్టకు దణ్ణం పెట్టింది.

నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"వాడు పీరు కాదండీ. నా కొడుకు. పని దగ్గర చెయ్యి పెట్టే అలవాటు వాడికి, అంతే. ఇంటికెళ్ళండమ్మా."

ఇక్కడ అసలు ఇబ్బంది మొదలైంది. ఒప్పందం ప్రకారం బట్ట మ్యూజియానిది. అమ్మ దాన్ని ఒళ్ళోంచి దించడం లేదు. కొడుకుది ఆమెకు మిగిలింది అదే. చెయ్యి ఉన్న చోట మందు పెట్టి రంగు లాగేసి పంపిద్దామని జానీ మెల్లగా అన్నాడు. అమ్మ వాడి వైపు చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అన్నెకె నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఈ బట్ట మీరే ఉంచుకోండి, రఫీ సగం చేసింది ఇవ్వండి, మా వాళ్ళను నేను ఒప్పిస్తాను అంది. నాన్న ఒప్పుకోలేదు. సగం పనిని ఈ ఇంటి పేరు మీద సముద్రం దాటించనన్నాడు. కానీ ఈ బట్టే ఇచ్చెయ్యమని కూడా అనలేదు. మీ అమ్మ ఎలా అంటే అలా అన్నాడు.

అమ్మ, అక్కడ దీన్ని ఏం చేస్తారో అడగమంది. కొన్నాళ్ళు అద్దాల వెనక చూపించి, తర్వాత చీకటి గదిలో సొరుగులో పరిచి ఉంచుతారని, చేతులకు తొడుగు లేకుండా ఎవరూ ముట్టుకోరని, తమ తర్వాత వచ్చేవాళ్ళు కూడా అలాగే చూసుకుంటారని అన్నెకె చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. వార్తలు చదివినట్టు చెప్పాను.

"ఇక్కడుంటే దీన్ని పీరును చేస్తారు," అంది అమ్మ. "లేకపోతే నా చేతులతో నేనే అరగదీస్తాను. పంపించెయ్యండి."

మర్నాడు అన్నెకె బట్టను పల్చటి కాగితాల మధ్య పెట్టి గొట్టానికి చుట్టింది. మొత్తం చుట్టేదాకా అమ్మ ఒక కొస పట్టుకునే ఉంది.

ఆ చలికాలం ఒక ఆదివారం అన్నెకె వీడియో కాల్ చేసింది. ప్రదర్శన అయిపోయింది, బట్టను లోపల పెట్టే ముందు మీ అమ్మగారికి చూపిద్దామని చేశానంది. నేను పెడనలోనే ఉన్నాను. ఫోన్ నా చేతిలో, అమ్మ నా పక్కన. ఆవిడ దళసరి స్వెట్టర్ మీద ఇంకో కోటు వేసుకుంది. బట్టలు పాడవకుండా ఆ గదిని ఎప్పుడూ చల్లగా ఉంచుతారని నాకు తెలుసు. సొరుగు లాగి చూపించింది. చెయ్యి అలాగే ఉంది.

"తొడుగు తీసి ఒక్కసారి దాని మీద చెయ్యి పెట్టమను," అంది అమ్మ.

అలా అడగకూడదని నాకు తెలుసు. అయినా అడిగాను. అన్నెకె వెనక్కి తిరిగి చూసింది. కుడిచేతి తొడుగు తీసి, ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది.

"చల్లగా ఉందా అని అడుగు."

అడిగాను. ఆవిడ చెయ్యి ఎత్తి పక్కన ఖాళీ బట్ట మీద పెట్టి చూసింది. మళ్ళీ తెచ్చి మొదటి చోటే పెట్టింది. అప్పుడు తల అడ్డంగా ఊపింది. పక్కనంతా చల్లగా ఉంది, ఇక్కడ లేదు అంది. ఆ మనిషి ముప్పై ఏళ్ళుగా పాత బట్టల మధ్య పనిచేస్తోంది. ఊరికే ఒక మాట అనే రకం కాదు. మా అమ్మ కోసం అబద్ధం చెప్పిందేమోనని నేను ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను. అలా అనుకుంటే ఆ క్షణంలో ఆవిడ ముఖం గుర్తొస్తుంది.

చల్లగా లేదట అని అమ్మకు చెప్పాను. అమ్మ ఫోన్ నా చేతికే వదిలేసి గోడకు ఆనుకుని కూర్చుని, రఫీ పోయాక మొదటిసారి ఏడ్చింది. నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఇంత రాశాక కూడా ఆ చెయ్యి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అది అక్కడ చల్లగా ఎందుకు లేదో తెలియదు. నాకు మాత్రం ఇంకా ఏడుపు రాలేదు.