మనిషి లేని గదికి గాలి

ఈ అరబ్బు దేశంలో మేము పనిచేసే ఇల్లు మహబూలా అనే పేట దాటాక, సముద్రం పక్కన ఉంది. నేను డ్రైవర్ని. కళావతక్కది ఇంటిపని. ఇద్దరిదీ రాయచోటి వైపే. అక్కకు ఒక జబ్బుంది. మనుషులు లేచారో లేదో, ఫ్యాను ఆపేస్తుంది. చెప్పులు వేసుకునేదాకా కూడా ఆగదు.

జూలైలో యజమానురాలు, మేము మామా అని పిలిచే ఆవిడ, పిల్లల్ని తీసుకుని చల్లటి దేశాలకు విమానమెక్కింది. పోతూ పోతూ ఒకటే మాట చెప్పింది, ఏ గదిలోనూ ఏసీ ఆపొద్దని. అక్క కూతురు శివపార్వతికి అక్టోబరులో తొలి కాన్పు. ఆ వేళకు సెలవిచ్చి పంపుతానని మామా మాటిచ్చింది. అక్క అప్పటికే పుట్టబోయే బిడ్డకు టోపీలు, సబ్బులు కొని పెట్టెలో సర్దుకుంది.

కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు దివానియా గుమ్మంలో నిలబడింది. మగ చుట్టాలొచ్చి కూర్చునే పెద్ద హాలది. లోపల ఖాళీ సోఫాలు, వణికించే చలి.

"ఎవురికి రా ఆంజీ ఈ గాలి? దయ్యాలకా?"

"మామా ఆపొద్దనింది గదక్కా."

"మనిషి లేని రూముకు గాలేస్తే పాపం తగుల్తాది. ఆడ నా బిడ్డ కడుపుతో ఇసనకర్ర ఇసురుకుంటా ఉండాది."

ఆపేసింది. ఇక్కడ కరెంటుకీ చమురే కాలాలి, ఉప్పునీళ్ళు మంచినీళ్ళు కావడానికీ చమురే కాలాలి. అయినా ఈ వీధుల్లో స్విచ్చు ఆపేవాణ్ణి పిచ్చోడంటారు. నన్నడిగితే అక్క చేసింది సబబే.

ఆగస్టు చివర్లో సముద్రం మీదినుంచి ఉక్క లేచింది. మూసిన హాల్లోకి చెమ్మ దూరింది. సెప్టెంబరులో మామా తలుపు తీస్తే గుప్పున వాసన కొట్టింది. గోడలకు కొట్టిన చెక్క మీద, మఖమలు దిండ్ల మీద, చనిపోయిన వాళ్ళ నాన్న కూర్చునే సోఫా మీద ఆకుపచ్చ బూజు.

మామా అరవలేదు. అరిచినా బాగుండేది. "కరెంటు నాది, ఇల్లు నాది. నీకేమిటి బాధ?" అని అరబ్బీలో అడిగింది. అక్క చున్నీ అంచుతో దిండు మీది బూజు తుడవబోయింది.

"ఇదంతా బాగయ్యేదాకా సెలవు లేదు. ఖలాస్."

అక్టోబరంతా అక్క చెక్క తుడుస్తూ, దిండ్లు ఉతుకుతూనే ఉంది. మనవరాలు పుట్టిందన్న కబురు కూడా గుడ్డ చేతిలో పట్టుకునే విన్నది.

బిడ్డను ఇంటికి తెచ్చిన సాయంత్రం అక్క దివానియాలో నిచ్చెనెక్కి చెక్క తుడుస్తుండగా ఫోను మోగింది. నేను నిచ్చెన పట్టుకుని ఉన్నాను. వీడియోలో అంతా చీకటి.

"వానకు కరెంటు పాయమా. చార్జింగ్ అయిపోతాంది. తొందరగా చూడు," అంది శివపార్వతి.

ఎవరో అగ్గిపుల్ల గీశారు. చిన్న బుగ్గ, మూసిన కన్ను కనిపించాయి. పుల్ల ఆరేలోపే ఫోను ఆగిపోయింది.

అక్క నిచ్చెన దిగి, చలికి చున్నీ కప్పుకుని, నల్లటి ఫోను కేసి చూస్తూ కూర్చుంది. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో చెప్పలేను.

"చాయ్ తాగుదాం పా అక్కా," అన్నాను.

బయటికి వస్తూ గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ అక్క చెయ్యి స్విచ్చు దాకా పోయింది. అక్కడే కాసేపు ఆగి, వెనక్కి వచ్చింది. ఖాళీ హాల్లో లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి, ఏసీ తిరుగుతూనే ఉంది. అక్క తలుపు దగ్గరికి వేసింది.