పోపు పెట్టిన నూడిల్స్

ఈ మధ్యాహ్నం కొండాపూర్‌లోని మా హోటల్ వంటింట్లో ఆవాలు చిటపటలాడి, వెనిగర్ వాసన లేవగానే నాకు మళ్ళీ పదేళ్ళొచ్చాయి. మా తరం వాళ్ళకు గుర్తుందా, ఫాస్ట్ ఫుడ్ బండి మీద ప్లేటుకు పాలిథిన్ కవరు తొడిగి ఇచ్చే నూడిల్స్? మణికొండలో మా వీధికి ఆ బండి తెచ్చింది మా అమ్మే. తొలిరోజు తాను వండింది తానే రుచి చూసి, "ఏందే, గిట్ల సప్పగున్నయ్? జర పోపెయ్యాలె" అని, పులిహోరకు పెట్టినట్టే ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టింది. ఆ బండే పెరిగి ఈ హోటలైంది.

ఇవాళ హైటెక్ సిటీ ఫుడ్ కోర్టు మేనేజర్ వచ్చాడు. అక్కడ కౌంటర్ కోసం ఎన్నాళ్ళుగానో తిరుగుతున్నాం.

"అంతా బాగుంది మేడమ్. నూడిల్స్‌లో ఈ ఆవాలేంటండీ? అవి తీసేస్తే రేపే సంతకాలు చేసుకుందాం."

దేనికైనా వెనకాముందాడే మనిషిని. ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా.

"ఏమంటుండు బిడ్డా?" పొయ్యి దగ్గర్నుంచి అమ్మ అడిగింది.

"ఆవాలొద్దంటుండమ్మా."

"తినెటోళ్ళు అడిగిన్రా, ఆయనే అడుగుతుండా?"

తినేవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

"తియ్యమండీ" అన్నాను. ఇక మాట మార్చలేదు. ఆయన కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

చేసింది తప్పో ఒప్పో ఇంకా తేలలేదు. బయట బోర్డు మీద మాత్రం 'పోపు నూడిల్స్' అని రోడ్డవతలికి కనిపించేలా రాయిస్తున్నాను. రండి. కరివేపాకు ఏరి పక్కన పెట్టుకోండి, ఏమీ అనను. పోపు వేయకుండా మాత్రం ఇవ్వను.