అక్క జోలపాటకు అడ్డుపడ్డ రెండు మెగాబైట్లు

గ్రంథాలయం వెబ్‌సైటు నడిచే సర్వర్‌ను చూసుకునే ఉద్యోగిని అందరూ సర్వర్ బాబాయ్ అనేవారు. ఆయన దగ్గితే చాలు, పడుకున్న కంప్యూటర్ లేచి కూర్చుంటుందని ప్రతీతి. ఆ ప్రతీతిని ఊరంతా మోసిందీ ఆయనే.

ఆ రోజు ఉదయం ఆయన అక్క గ్రంథాలయానికి వచ్చి పక్క కుర్చీలో కూలబడింది. ఆవిడ నలభై ఏళ్లు ఆసుపత్రిలో నర్సు. పసిబిడ్డల కోసం తానే కట్టిన జోలపాటను ఫోన్లో పాడి దాచుకుంది. గ్రంథాలయం వాళ్లు జనం గొంతులు సేకరిస్తున్నారు. ఆ మధ్యాహ్నం పన్నెండు దాటితే ఇక తీసుకోరు. పాట ఐదు మెగాబైట్లు. పాటను పంపాల్సిన వెబ్ పేజీ మాత్రం రెండు మించితే పొమ్మంటోంది.

వెనకనుంచి తానే పెట్టేస్తానన్నాడు బాబాయ్.

"దొడ్డిదారి నాకెందుకురా? అందరూ వచ్చిన గుమ్మంలోంచే వస్తాను. నువ్వు గుమ్మం పెంచు."

ఐదు నిమిషాల పని అన్నాడాయన. సర్వర్‌కు ఆజ్ఞలు టైపు చేసే లినక్స్ నల్లతెరలో, వెబ్‌సైటును నడిపే పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలు తెరిచి, అప్‌లోడ్ పరిమితిని రెండు నుంచి పదహారు చేశాడు. సర్వీసు రీస్టార్ట్ చేశాడు. నల్లతెరలో అడిగితే పీహెచ్‌పీ పదహారే అంది. పేజీ రెండే అంది. మీసం దువ్వి ముప్ఫైరెండు చేశాడు. నల్లతెర దానికీ సరేనంది; పేజీ మాత్రం తాను పట్టిన కుందేలుకు రెండే కాళ్లంది. పదకొండూ నలభై అయింది. అక్క గడియారం చూడటం మానేసి తమ్ముడి చెమట చూడసాగింది.

"ఏరా, ఇందాకట్నుంచి ఎవర్ని అడుగుతున్నావు?"

"పీహెచ్‌పీనే అక్కా, ఈ నల్లతెరలో."

"నన్ను పొమ్మన్నది ఆ పేజీ కదా. దాన్నడగవేం?"

బాబాయ్ పేజీ వైపు తిరిగాడు. వెబ్ పేజీలు ఏ ఫైలు చదువుతున్నాయో బ్రౌజర్లో చూపించే చిన్న పేజీ ఒకటి రాసి తెరిచాడు. అక్కడ కనిపించిన ఫైలు దారే వేరు. ఆ సర్వర్లో సెట్టింగుల ఫైళ్లు రెండు: నల్లతెర చదివేది ఒకటి, వెబ్‌సైటు చదివేది ఇంకొకటి. ఉదయం నుంచీ ఆయన పక్కింటి గోడకు సున్నం కొడుతున్నాడన్నమాట.

అసలు ఫైలులో పదహారు రాసి, రీస్టార్ట్ చేసి, ఆ చిన్న పేజీని చెరిపేశాడు. అక్క కళ్లద్దాలు సర్దుకుని తానే బటన్ నొక్కింది. నీలం గీత ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. "అందింది" అని తెర మీద పడేసరికి పన్నెండుకు ఆరు నిమిషాలుంది.

సరిగ్గా చేరిందో లేదో వినాలిగా అంటూ బాబాయ్ పాట పెట్టాడు. అక్క గొంతు గదంతా పరుచుకుంది. పక్క బల్ల దగ్గర పుస్తకాల మీద నంబర్లు వేస్తున్నావిడ కలం ఆపేసింది. రెండో చరణం ముగిసేలోపు బాబాయ్ తల కీబోర్డు మీద వాలి, గురక మొదలైంది.

అక్క ఆవిడ వైపు తిరిగి మెల్లగా అంది:

"వీడు చిన్నప్పుడూ ఇంతే. రెండో చరణం దాటనిచ్చేవాడు కాదు."