కాళ్లొచ్చిన చేప

ఆ రోజుల్లో నాకు మాట్లాడే మనిషి దొరికితే అదే పండగ. ఏడో తరగతిలో బడి మానేసి (బడి పెద్దగా బాధపడ్డట్టు లేదు), కొన్నాళ్లకు మాచర్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో కాపలాకి చేరాను. సాయంత్రం కూలీలంతా ఆటోలో ఊళ్లకు పోతే మిగిలేది నేనూ, సిగ్నల్ లేని ఫోనూ. నా జోకులకు నేనే నవ్వి, బాలేదని నేనే పెదవి విరిచేవాణ్ని.

అలాంటి చోటికి రాళ్ల పొరలు చూడటానికి ఒక సారు వచ్చి, నా పక్క గదిలో వారం రోజులకని దిగాడు. రాత్రిళ్లు నాకు రాళ్ల కబుర్లు చెప్పేవాడు. ఒక జీవి ఇంకో జీవిగా కొద్దికొద్దిగా మారుతుందని వెనకటి శాస్త్రవేత్తలు అనుకున్నారట. తీరా తవ్వి చూస్తే చాలాచోట్ల పొర మీద పొర అదే గవ్వ, ఆపై పొరలో ఉన్నట్టుండి కొత్త గవ్వ. ఆ రెంటికీ మధ్య రూపాలు ఉండి చెరిగిపోయాయని కొందరన్నారట. కాదు, జీవులు చాలా కాలం అలాగే ఉండి, మారేటప్పుడు చకచకా మారతాయని ఇంకొందరన్నారట. (మా మేస్త్రీ కూడా అంతే. ఏళ్ల తరబడి ఒకటే చొక్కా, కూతురి పెళ్లికి మాత్రం ఒక్కసారిగా సఫారీ.) మధ్యవి దొరకడం చాలా అరుదని సారు నిట్టూర్చాడు. సోమవారం వెళ్లిపోతానని కూడా అన్నాడు. నాకు ఆ రెండో మాటే గట్టిగా వినపడింది.

ఆదివారం క్వారీకి సెలవు, సారు మాచర్ల వెళ్లాడు. నేను ఉలి పట్టి మూడు పలకల మీద చేపలు చెక్కాను. మొదటిది మామూలు చేప, రెండోదానికి కాళ్ల మొలకలు, మూడోదానికి నాలుగు నిండు కాళ్లు. మధ్యవి దొరికాక ఏ సారు కదులుతాడు? పలకలకు పైనుంచి కిందికి నంబర్లు వేయడం క్వారీలో మా అలవాటు. ఆ ప్రకారమే ఒకటోది పై పొరలో, మూడోది అడుగు పొరలో దూర్చాను.

సోమవారం పొద్దున, బ్యాగు భుజానేసుకున్న సారును లాక్కెళ్లి చూపించాను. ఆయన చేప మీద వేలు రాసి, అంటిన తెల్లపొడి చూసుకున్నాడు.

“కింది పొరేగా పాతది?”

“అవును సారూ.”

“అంటే ముందు కాళ్లుండి, అవి పోయాక చేపయిందా?”

“నడిచి నడిచి ఇసుగొచ్చిందేమో సారూ.”

ఆయన పగలబడి నవ్వాడు. అసలు ఈ రాయి ఏర్పడేనాటికి లోకంలో చేపలే లేవట, వెతికితే పాచి ఆనవాళ్లు దొరకొచ్చట. తర్వాత నవ్వు ఆపి, ఇదంతా ఎందుకు చేశావని అడిగాడు.

“మీరు పోతే ఈడ పలకరించేవాడు లేడు సారూ. ఇంకో రెండ్రోజులుంటారని.”

“ఉండమని అడిగితే పోయేదిగా,” అన్నాడు.

ఆ బస్సు వదిలేసి, మర్నాటి బస్సుకు వెళ్లాడు.

ఇన్నేళ్లయినా ఉండమని అడగడం నాకు చేతకాలేదు. ఇంటికొచ్చినవాళ్లు లేవబోతే, పొయ్యి కూడా వెలిగించకుండానే టీ మరుగుతోందని చెబుతాను. వాళ్లు మళ్లీ కూర్చుంటారు. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ, నన్ను చూసి నేనే నవ్వుకుంటాను.